అమ్మవారి పటం వెనక

"కాఫీ కూడా ముట్టలేదంట మీ అమ్మ. ఆ బ్యాగు సర్దడం ఆపమని చెప్పే మనిషే లేడేందిరా ఈ ఇంట్లో?"

అంగట్లో గిరాకీ వదిలేసి ఇంట్లోకి వచ్చిన మల్లికార్జునం కొడుకు మీద విరుచుకుపడ్డాడు. వెంకటసాయి తల దించుకుని సెల్‌ఫోను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఫోనులో చూడాల్సిందేమీ లేదని తండ్రికీ తెలుసు, కొడుక్కీ తెలుసు.

నడవలో మంచం మీద కూచుని వసంతకుమారి చీరలు మడతపెడుతోంది. మడిచిన చీరనే విప్పి మళ్ళీ మడుస్తోంది. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుని ఆపుతారేమోనని ఆమె ఆశ. ఆపాల్సిన మనిషి మాత్రం వంటింట్లోంచి కదల్లేదు.

వంటింట్లో అనుపమ కొర్రన్నం దించి మునగాకు పప్పుకు తాలింపు వేస్తోంది. చెయ్యి ఇక్కడ, చెవులు నడవలో. తాలింపు మాడిపోయింది.

"ఉదయగిరి పోతుండాను," అంది వసంతకుమారి ఎవరి వైపూ చూడకుండా. "మా తమ్ముడింటికి. నాకు మాత్రం పుట్టిల్లు లేదా?"

మెలిక అక్కడే ఉంది. ఆ తమ్ముడు పెంచలప్రసాద్ ఎవరో కాదు, అనుపమ కన్నతండ్రి. మేనకోడల్ని ఏరికోరి కోడలిగా తెచ్చుకున్నది వసంతకుమారే. ఈ ఇంట్లో అత్త అలిగి పుట్టింటికి పోతే చేరేది కోడలి పుట్టింటికే. అక్కడ అందరి ముందూ కూచుని ఆమె ఏమని చెబుతుందోనని అనుపమ భయం.

అయినా ఆమె బయటికి రాలేదు. నిన్న సాయంత్రం చూసింది ఇంకా కళ్ళ ముందే ఉంది మరి.

నిన్న దేవుడి గదిలో బల్లి దూరిందని, గూట్లో ఉన్న కన్యకాపరమేశ్వరి పటాన్ని కాస్త పక్కకు జరిపింది. పటం వెనక నుంచి చాక్లెట్ల కాగితాలు, క్రీము బిస్కట్ల తొడుగులు, మసాలా చిప్సు ఖాళీ ప్యాకెట్లు జలజలా రాలాయి. ఆ పటాన్ని తుడిచినా, బొట్టు పెట్టినా వసంతకుమారి చెయ్యే. ఇంకొకరు తాకరు.

"నువ్వేనా అత్తా బిడ్డకు పెడుతుండేది?" అని అడిగింది అనుపమ.

వసంతకుమారి ఆ కాగితాలను చూసింది. తలుపు పక్కన నక్కి నిలబడిన మనవరాలు లిఖితను చూసింది. "అవును, నేనే పెట్టినాను," అంది.

అప్పుడు జారింది అనుపమ నోటి నుంచి ఆ మాట. "ఇకమీదట నీ చేతి ముద్ద నా బిడ్డకు వద్దు."

తర్వాత ఇంట్లో దీపం పెట్టారు, తలుపులు వేశారు, పడుకున్నారు.

"ఏమ్మా అనుపమా," అంటూ మల్లికార్జునం వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చాడు. "మీ అత్త ఏదో ప్రేమ కొద్దీ పెట్టింది. బిడ్డ నోరు కట్టేస్తే చూడలేకపోయింది. దానికి అంత మాటా?"

"అన్నీ ప్రేమ కొద్దీ పెట్టినవే మామా. బిడ్డ మెడ వెనక నల్లగా చార వచ్చింది, గుర్తుందా? మురికి అనుకుని అత్త సున్నిపిండి వేసి రుద్దింది. బిడ్డ ఏడ్చినా వదల్లేదు. నెల్లూరు డాక్టరమ్మ చూసీ చూడంగానే, ఇది మురికి కాదమ్మా, ఇట్టాగే తింటూ పోతే షుగరు వస్తుందని చెప్పే గుర్తు అనింది. తొమ్మిదేళ్ళ బిడ్డకు!"

"నాకు లేదా షుగరు? నేను బతకలేదా?"

"మీరు బతికినారు. చిన్నమామకు కాలు తీసేసినారు."

మల్లికార్జునం తమ్ముడి మాట జోలికి పోలేదు. వ్యాపారస్తుడు కదా, ఒక బేరం తెగకపోతే ఇంకో బేరం పెడతాడు.

"సరే, ఇంట్లో కొర్రలు వండినావు, సజ్జ రొట్టెలు చేసినావు, గానుగ నూనె తెప్పించినావు. నేను నోరెత్తినానా? తిన్నాను. కానీ నేను టిఫిను తినడానికి లేస్తే, అంగట్లో కూచుని నువ్వు చేసిన పని ఏంది? కలువాయి రామలక్ష్మమ్మ మనవడికి బిస్కట్లు అడిగితే, వద్దు పెద్దమ్మా, చెనక్కాయల ఉండలు చేసి పెట్టు అన్నావంట. అదీ బోణీ బేరం! ఆమె ఉత్త చేతులతో పోయింది. ఇప్పుడు బజారంతా నవ్వుతుండారు. శెట్టి అంగట్లో సరుకు శెట్టి మనవరాలికే పెట్టరంట అని."

"మన బిడ్డకు పెట్టకూడనిది వాళ్ళ బిడ్డకు ఎట్టా అమ్మేది మామా?"

"అమ్మకపోతే నీ గానుగ నూనె ఎక్కడినుంచి వస్తుందమ్మా?"

ఆత్మకూరు బజారులో వాళ్ళది ముందు అంగడి, వెనక ఇల్లు. మధ్యలో ఒకే ఒక్క తలుపు. తలుపుకు అటు వైపు రంగు రంగుల ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి. ఇటు వైపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చినప్పటి నుంచి కొర్రలు, మొలకెత్తిన పెసలు, జామకాయలు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ తలుపు దాటకుండా బతకాలని తల్లి పెట్టిన చట్టం. పోలీసులు కూడా అమలు చెయ్యలేని చట్టం అది.

"ఇద్దరూ ఆపండి నాయనా, బయటికి వినపడుతుండాది," అన్నాడు వెంకటసాయి.

"నువ్వు ఫోను చూసుకోరా," అన్నాడు మల్లికార్జునం.

ఈలోగా నడవలో బ్యాగు జిప్పు లాగిన చప్పుడైంది. ముగ్గురూ అటు తిరిగారు.

"పెట్టినానని ఒప్పుకున్నాను కదా, ఇంకెందుకు గొడవ?" అంటూ లేచింది వసంతకుమారి. "దాన్ని పురిటి బిడ్డగా ఉన్నప్పటి నుంచి నా ఒళ్ళో పెట్టుకుని పెంచినాను. అన్నప్రాసన నాడు పరమాన్నం నాకించింది ఈ చెయ్యే. ఈ చెయ్యి పనికిరానప్పుడు నాకు ఈ ఇంట్లో ఏం పని? సాయీ, బస్టాండు దాకా దించు."

"ఒక్క రోజు ఆగమ్మా."

"ఆగితే మాట మారుతుందా? అడుగు నీ పెళ్ళాన్ని."

వెంకటసాయి భార్య వైపు చూశాడు. ఒక్క మాట చాలు. 'ఉండత్తా' అంటే చాలు, ఆ బ్యాగు మళ్ళీ మంచం కిందికి పోతుంది. ఆ మాట అనుపమ గొంతు దాకా వచ్చింది కూడా. కానీ అంటే ఏమవుతుంది? రేపటి నుంచి మళ్ళీ కొంగు చాటున చాక్లెట్లు. బిడ్డ మెడ మీద ఆ నల్ల చార అట్టాగే ఉండిపోతుంది. ఆమె పంపు తిప్పి గరిటె కడగడం మొదలుపెట్టింది.

వసంతకుమారి చెప్పులు వేసుకుంటుంటే లిఖిత దేవుడి గదిలోంచి పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంది. అవ్వ వంగి మనవరాలి చెవిలో ఏదో చెప్పింది. లిఖిత తల అడ్డంగా ఊపింది. అవ్వ కళ్ళు పెద్దవి చేసి చూసింది. పిల్ల కొంగు వదిలేసింది.

స్కూటరు వీధి మలుపు తిరిగింది.

*

మల్లికార్జునం అంగట్లోకి వెళ్ళిపోయాడు. అనుపమ కంచంలో కొర్రన్నం, పప్పు, దోసకాయ ముక్కలు పెట్టి, పక్కన సగం జామకాయ ఉంచింది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. తినాల్సిన పిల్ల ఎక్కడా కనిపించలేదు.

"లిఖితా! బువ్వ చల్లారిపోతుండాది."

జవాబు లేదు. దేవుడి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. అనుపమ తోసి చూసింది.

లిఖిత పటం ముందు మోకాళ్ళ మీద కూచుని ఉంది. పటం ముందు ఒక కొత్త చాక్లెట్టు. విప్పలేదు. దాని మీద మందార పువ్వు పెట్టి ఉంది.

అనుపమకు ఒళ్ళు మండింది. "అవ్వ పోయిన మరుక్షణమే మొదలుపెట్టినావా? ఎవరిచ్చినారు ఇది? పోతూ పోతూ మీ అవ్వే ఇచ్చిందా?"

"లేదమ్మా. అంగట్లోంచి నేనే తెచ్చినాను." అంది లిఖిత. "తినడానికి కాదు. అవ్వ తిరిగొస్తే ఇంకెప్పుడూ తిననని మొక్కుకుంటుండాను."

అనుపమ చెయ్యి గాల్లో ఆగిపోయింది. కొట్టడానికే ఎత్తిందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

"నువ్వే తెచ్చినావా? మరి ఆ కాగితాలు?"

"అవీ నేనే."

"అవ్వ పెట్టలేదా?"

లిఖిత తల అడ్డంగా ఊపింది. ఇక మాటలు ఆగలేదు.

"పక్కింటివాళ్ళు తిరుపతి నుంచి లడ్డు తెచ్చినప్పుడు నేను వద్దన్నాను కదమ్మా, నువ్వు తిడతావని. అప్పుడు నువ్వే అన్నావు, ప్రసాదం వద్దనకూడదు, ప్రసాదం అయితే తినొచ్చు అని. అందుకే నేను ఇక్కడ అమ్మవారి ముందర పెట్టి, దండం పెట్టుకుని, కళ్ళకద్దుకుని తిన్నాను. అప్పుడు అది ప్రసాదమే కదా? ఒక్కసారి కూడా దండం పెట్టుకోకుండా తినలేదమ్మా. కాగితాలు బయట వేస్తే కాలికి తగులుతాయి, ప్రసాదం కాగితాలు తొక్కకూడదని పటం వెనక పెట్టినాను."

అనుపమ గడప మీదే కూలబడిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది.

"అవ్వకు తెలుసా?"

"ఒకసారి చూసింది. తిట్టలేదు. ఇంకెప్పుడూ చెయ్యనని అమ్మవారి మీద ఒట్టు పెట్టించుకునింది. అమ్మకు చెప్పనులే, అమ్మ భయపడుతుంది అనింది. నేను ఒట్టు తప్పినాను." పిల్ల వెక్కుతూ ముక్కు తుడుచుకుంది. "పోయేటప్పుడు కూడా చెవిలో అదే చెప్పింది. ఏమీ చెప్పొద్దు, అమ్మ కొడుతుంది అని."

ఒక్క మాటన్నా అనలేదే ఆ మనిషి! అంత మాట పడి, బ్యాగు సర్దుకుని, పసిబిడ్డ మీద ఈగ వాలనివ్వకుండా పోయిందే! అనుపమకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు ఉదయగిరిలో తను అద్దం పగలగొడితే, నేనే పగలగొట్టానని తండ్రి ముందు నిలబడింది ఈ అత్తే. అప్పుడు తనకెంత ధైర్యంగా ఉండిందో!

"లెయ్యి. ముఖం కడుక్కో. అవ్వను తీసుకొద్దాం."

స్కూటీ బయటికి తీస్తుంటే మల్లికార్జునం త్రాసు దగ్గర నుంచి తల ఎత్తాడు. "యాడికమ్మా?"

"అత్త కోసం మామా."

"తొందరగా పో. ఆదివారం బస్సులు ఆగవు," అన్నాడు.

*

బస్టాండు కిటకిటలాడుతోంది. అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్ళు పిల్లాజెల్లాతో ఒక పక్క, పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు ఇంకో పక్క. ఉదయగిరి బస్సు ఇంజను వేసి ఉంది. కిటికీ కింద వెంకటసాయి నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల్లి తీసుకోదు, అతను దించడు.

అనుపమ లిఖిత చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. రెండో వరసలో వసంతకుమారి బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. కోడల్ని చూసి ముఖం తిప్పుకుంది.

"అత్తా, దిగు. ఇంటికి పోదాం."

"ఎవరింటికి?"

"మనింటికే. తప్పు నాది. నువ్వు పెట్టలేదని తెలిసింది. బిడ్డ అంతా చెప్పింది."

వసంతకుమారి గిరుక్కున తిరిగింది. ముందు కోడలి ముఖం కాదు, మనవరాలి చెంపలు చూసింది. "కొట్టినావా?"

"లేదత్తా."

"నిజంగా?"

"కొట్టలేదవ్వా. ఏడ్చింది," అంది లిఖిత.

వసంతకుమారి ముఖంలో గట్టిదనం కొంచెం కొంచెంగా సడలింది. "నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది నువ్వు," అంది మెల్లగా. "రాత్రంతా నా చెయ్యే చూసుకుంటూ పడుకున్నాను."

"తప్పే అత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"బస్సులో కాళ్ళేంది, లేవే." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని బ్యాగు భుజానికి తగిలించుకుంది. బయట వెంకటసాయి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ నీళ్ళు తనే తాగేశాడు.

లేచి నిలబడిన వసంతకుమారి మనవరాలి గడ్డం పట్టుకుంది. "ఇంకనుంచి అమ్మ చెప్పినట్టు వినాలి, తెలిసిందా? ఒట్టు తప్పకూడదు. డాక్టరమ్మ ఒక్కటి కూడా ముట్టొద్దనింది కదా. నీ మంచికే."

లిఖిత అవ్వ వైపు చూసింది, తల్లి వైపు చూసింది.

"డాక్టరమ్మ అట్టా అనలేదవ్వా."

"లిఖితా, పద," అంది అనుపమ చప్పున.

"ఏమనింది?" అంది వసంతకుమారి.

"రోజూ తినొద్దనింది. ఆదివారం మాత్రం ఇష్టమైంది ఒకటి కొంచెం తినొచ్చులే అనింది. నా బుగ్గ పట్టుకుని చెప్పింది. బయటికొచ్చినాక అమ్మే, ఇది ఇంట్లో ఎవరికీ చెప్పొద్దనింది." పిల్ల అవ్వ కొంగు పట్టుకుంది. "ఈరోజు ఆదివారమే కదవ్వా."

వసంతకుమారి బ్యాగు భుజం మీద నుంచి దించింది. మళ్ళీ సీట్లో కూచుంది.

"నిజమేనా?" అని అడిగింది.

అనుపమకు బస్సులో ఉన్నవాళ్ళంతా తననే చూస్తున్నట్టనిపించింది. ఎవరూ చూడటం లేదు. చూస్తున్నది ఇద్దరే, ఆ ఇద్దరినీ ఎదుర్కోవడమే కష్టంగా ఉంది.

"ఒకటి అని చెబితే మనింట్లో ఒకటితో ఆగుతుందా అత్తా?" అంది అనుపమ. "నువ్వొకటి పెడతావు. మామ అంగట్లో ఒకటి చేతిలో పెడతాడు. సాయి బావ బయటికి తీసుకుపోయి ఒకటి కొనిపెడతాడు. ఎవరిని అడిగినా ఒక్కటే కదా అంటారు. బిడ్డ కడుపులోకి పోయేవి మూడు. చిన్నమామ కాలు గుర్తొస్తుంది నాకు. భయమేసింది. అందుకే చెప్పలేదు."

"భయమేసింది. సరే. మీ డాక్టరమ్మ ఒప్పుకునిందని నాకు చెప్పుంటే, ఆ ఒక్కటీ నేనే చేసి పెట్టేదాన్ని కదే. నువ్వులు వేయించి బెల్లం కొట్టి ఒక్కటంటే ఒక్క ఉండ చేసేదాన్ని. ఆదివారం కోసం బిడ్డ ఎదురు చూసేది. ఆ అంగడి ప్యాకెట్ల వైపు చూసేదా?" వసంతకుమారి గొంతు పెంచలేదు. అరిస్తే అనుపమకు కొంచెం తేలిగ్గా ఉండేది. "నన్ను దొంగను చేసినావు, పోనీలే, నేను పెద్దదాన్ని, పడతాను. ఈ బిడ్డను దొంగను చేసినావే. తినొచ్చని డాక్టరమ్మ చెప్పిన దాన్ని, దేవుడి పటం వెనక దాచుకుని తినేటట్టు చేసినావే."

కిటికీ బయట వెంకటసాయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "అనుపమా, ఏందిది? నాకన్నా చెప్పుండొచ్చు కదా?"

మొగుడికి చెబితే ఆ పూటే అత్తకు తెలిసిపోతుందని అనుపమ చెప్పలేదు. ఇప్పుడు ఇట్టా బస్టాండులో, వందమంది మధ్య తెలిసింది.

"దిగేవాళ్ళు దిగండమ్మా, బండి కదుల్తుండాది," అని కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

లిఖిత ఒక చేత్తో అవ్వ కొంగు, ఇంకో చేత్తో తల్లి చున్నీ పట్టుకుని మధ్యలో నిలబడి ఉంది. రెండింటిలో ఏదీ వదిలేటట్టు లేదు.

"నేను దిగను," అంది వసంతకుమారి. "కోపంతో కాదు. బ్యాగు సర్దుకునేటప్పుడు కోపం ఉండాది, ఇప్పుడు లేదు. కానీ ఇప్పుడు నేను దిగి వస్తే, ఈ మాట ఈ బస్సులోనే ఉండిపోతుంది. ఇంట్లో మళ్ళీ మీ మామ లెక్కలో నేనే పెట్టినదాన్ని, నువ్వే మంచిదానివి. నిజం ఎవరికి ఎట్టా చెబుతావో నువ్వే తేల్చుకో."

బస్సు కదిలింది. అనుపమ చెయ్యి పైన కడ్డీని పట్టుకుంది. దిగుదామంటే బిడ్డ వదలదు. స్కూటీ బస్టాండులోనే ఉండిపోయింది, తాళం కూడా దానికే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిందో లేదో గుర్తులేదు. వెంకటసాయి బస్సు వెంట నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

ఆమె లిఖితను అవ్వ పక్కన కూచోబెట్టి, తను చివర కూచుంది.

ఊరు దాటగానే ఫోను మోగింది. 'నాయన' అని వెలుగుతోంది. అనుపమ చూస్తూ ఉండిపోయింది.

"ఎత్తు," అంది వసంతకుమారి. "మీ మామ అప్పుడే ఫోను చేసి చెప్పుంటాడు."

అనుపమ ఎత్తింది. బస్సు రొదకు వినపడదేమోనని అవతల పెంచలప్రసాద్ గట్టిగా అరుస్తున్నాడు. పక్కన ఉన్నవాళ్ళకు ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఏమ్మా అనుపమా! అక్క అలిగి వస్తుండాదంట, బావ ఇప్పుడే చెప్పినాడు. నువ్వేదో అనరాని మాట అన్నావంట. ఏంది గొడవ? బిడ్డకు ఆ తిండి పెట్టింది అక్కేనా? సరిగ్గా చెప్పు, తప్పు ఎవరిది?"

వసంతకుమారి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె సాయం చెయ్యదు, అడ్డం పడదు. లిఖిత మాత్రం కళ్ళార్పకుండా తల్లి నోటి వైపే చూస్తోంది. ఇప్పుడు అమ్మ ఏం చెబుతుందో, రేపటి నుంచి ఆ పిల్లా అదే నేర్చుకుంటుంది.

"వినపడుతుండాదా అమ్మాయ్?"

"వినపడుతుండాది నాయనా," అంది అనుపమ.